మూడో ముక్క మీద బరువు

బరువు మూడో ముక్క మీద పడాలి, ఫ్యాట్ మీద, దాని తరువాతి ముక్క మీద కాదు, ఈ పిల్ల నిలబడిన తీరు చూస్తే టీ అని సాగదీసేలాగే ఉంది, ఫటీగ్ అనే మాట ముందే తెలిసినవాళ్ళందరూ చేసే తప్పు అది, తెలిసిన మాట కంటబడగానే దాన్ని పట్టుకుని వేలాడతారు, తెలియనివాళ్ళకు ఆ బెడద లేదు, అనుకుంది మునియమ్మ, వేదిక మీద నడిమి కుర్చీలో, మెడలో గంధపు మాలతో, భుజాల మీద ఇప్పుడే కప్పిన జరీ శాలువాతో కూర్చుని, మైకు ముందు గొంతు సవరించుకుంటున్న జీవాను చూస్తూ, నిరుడే బడిలో చేరిన టీచరు జీవా, చేతిలో కాగితం, ఆ కాగితంలో మునియమ్మ గురించిన పొగడ్త, ఆ పొగడ్తలో ఎక్కడో ఇన్‌డిఫ్యాటిగబుల్ అనే ఆ పొడుగాటి ఇంగ్లీషు విశేషణం, ఇంకా రాలేదు, వస్తుంది, రిటైరయ్యే వయసు నిండింది, ఇది మునియమ్మ వీడ్కోలు సభ, తమిళనాడు ధర్మపురిలో ఈ ప్రైవేటు బడి రేకుల షెడ్డుగా ఉన్నప్పటి నుంచి ఆమె ఇక్కడ ఇంగ్లీషు చెప్పింది, రేకులు పోయి డాబాలు వచ్చాయి, ఈ సభ జరిగే షెడ్డు ఒక్కటే అలా మిగిలింది, పైన రేకులు కాగి ఏప్రిల్ ఎండ నెత్తి మీద దిగుతోంది, ఎదురుగా వరసల్లో పిల్లలు, సోమవారం కాబట్టి అందరూ తెల్ల యూనిఫాంలో, కళ్ళు చెదిరేంత తెలుపు, వెనక గోడ దగ్గర పెద్దవాళ్ళ కుర్చీల్లో చివరిది తన ఇంటాయన లోకనాథన్‌ది, ఒళ్ళో స్కూటరు తాళం, కేసరి పొట్లం అప్పుడే విప్పేశాడు, ఆగలేడు మనిషి, వేదిక మీద తన పక్క కుర్చీలో బడి యజమాని సదాశివం సారు, ఆయన వేళ్ళు కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాయి, ఆయనకు జవాబు కావాలి, ఈ సభ ముగిసేలోపే కావాలి, ఇంకో రెండేళ్ళు ఉంటానని మునియమ్మ ఈ మైకులోనే, ఈ పిల్లల ముందే చెప్పాలని ఆయన కోరిక, ఉంటానో ఉండనో మునియమ్మకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం అన్నాల వేళ జీవా వచ్చి, మిస్, ఒక పెద్ద మాట ఉంది, నోరు తిరగడం లేదు, అని నిలబడింది, ఎందుకమ్మా అంటే ఏదో పోటీకి అంటూ నేల చూసింది, అబద్ధం చెప్పడం కూడా చేతకాని పిల్ల, అప్పుడే అనుమానం రావాల్సింది, కాని పాఠం చెప్పమని ఎవరైనా అడిగితే మునియమ్మకు ఇంకేమీ కనబడదు, పెరుగన్నం డబ్బా మూత పెట్టేసి సుద్దముక్క తీసుకుంది, ముందు నోటి లెక్కన కోద్దాం అంది, ఇన్, డి, ఫ్యాట్, ఇ, గ, బుల్, ఒక్కొక్క ముక్కకూ మధ్య గీత గీసి, డస్టరు తిరగేసి బల్ల మీద కొట్టి చూపించింది, మొదటి రెండూ మెల్లగా, మూడో దాని దగ్గర దెబ్బ, ఆపైన మూడూ దాని వెనకే జారిపోవాలి, మన నోరు బంతిలో వడ్డించే చెయ్యమ్మా, అన్ని ఆకులకూ సమానంగా పెడుతుంది, తమిళమైనా మా ఇంటి తెలుగైనా అంతే, ఇంగ్లీషుకు ఆ మర్యాద లేదు, ఒక ఆకుకు గరిటెడు, మిగతావాటికి మెతుకులు, జీవా నవ్వింది, నవ్వితే బిగుసుకున్న నోరు సడలుతుంది, అందుకే పాఠంలో ముందు నవ్వించాలి, ఇప్పుడు అర్థం లెక్కన కోద్దాం, ఇక్కడ గాట్లు వేరే చోట పడతాయి చూడు, ఇన్ అంటే కాదు, డి అంటే పూర్తిగా, ఫటిగ్ అంటే అలసట, చివర ఏబుల్, అంటే పూర్తిగా అలసిపోవడమన్నది చేతకాని మనిషి, చెరుకు తినేటప్పుడు పంటికి అందినంత కొరుకుతాం, నాటడానికి కోసేటప్పుడు మాత్రం కన్ను ఎక్కడుందో చూసుకుని కోస్తాం, మాట కూడా అంతే, నోటికి ఒక కోత, బుర్రకు ఒక కోత, జీవా వరండా పొడుగునా ఆ మాటనే నెమరేసుకుంటూ వెళ్ళింది, ఆ గొంతు మెట్లు దిగి దూరమయ్యేదాకా మునియమ్మ చెవి రిక్కించి విన్నది, చివరిసారి సరిగ్గా పడింది దెబ్బ, అబ్బ, ఎంత హాయి, తన నోట్లోంచి వెళ్ళిన మాట ఇంకొకరి నోట్లో కుదురుగా కూర్చుంటే కలిగే ఆ హాయి కోసమే ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే బస్సు ఎక్కింది, పెరుగన్నం తినడం మరిచిపోయింది, సాయంత్రానికి పులిసిపోయింది, అయినా ఆ రోజు మంచిదే.

మర్నాడు సదాశివం సారు పిలిపించి, కాఫీ తెప్పించి, ఫ్యాను తన వైపు తిప్పి, అంత మర్యాద ఎందుకా అని ఆమె అనుకుంటూ ఉండగానే, టీచర్, మీలాంటి ఇన్‌డిఫటీఈగబుల్ మనిషిని పంపిస్తే ఈ బడికి పుట్టగతులుండవు అన్నాడు, టీ దగ్గర కావలసినంత సాగదీసి, అప్పుడు తెలిసింది జీవా పోటీ ఏమిటో, ఆ మాట ఎవరికి కుడుతున్న చొక్కానో, తన చేత్తో తానే కొలతలు ఇచ్చి వచ్చింది, నవ్వొచ్చింది, కాఫీ పొలమారింది, సారు మంచివాడే, మునగచెట్టు ఎక్కించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య, కాని ఆ మాట ఆయన ఉత్తినే అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు, అందరూ అలాగే అనుకుంటున్నారు, మీరు కూర్చోవడం చూడలేదు మిస్ అంటారు పిల్లలు, మిస్‌కు సెలవు పెట్టడం రాదు అంటుంది ఆయా, వచ్చే ఏడు పదో తరగతికి మీరే ఉంటారని ముగ్గురు నలుగురు తల్లిదండ్రులకు మాట కూడా ఇచ్చేశానని సారు అన్నాడు, వద్దని చెప్పాలని ఆమెకు నోటి చివరిదాకా వచ్చింది, వద్దు, దిగిపోతాను, ఆ కోరిక ఎప్పుడు పుట్టిందో తెలియదు గాని ఉంది, గట్టిగా ఉంది, కాని వద్దనడానికి కారణం ఒకటి చెప్పాలి కదా, కాలు నొప్పి అందామంటే నొప్పి లేదు, పని కష్టమంటే కష్టం కాదు, ఇష్టం, విసుగు అంటే కళ్ళు పోతాయి, మరి ఎందుకు టీచర్ అని సారు అడిగితే ఆమె దగ్గర ఏముంది, సోమవారం చెప్తాను సార్ అని లేచి వచ్చింది.

శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఇంట్లో చెక్ చేయించుకుంటానని చెప్పింది గాని లోపల ఆశ వేరు, ఏదో ఒకటి చిన్నది, ప్రాణానికి ముప్పు లేనిది, పదిమందికి చెప్పుకోదగింది దొరుకుతుందని, బీపీ సరిగ్గా ఉంది, షుగర్ లేదు, మోకాళ్ళు వంచి చూసి, అమ్మా, మీరు తీర్థమలై కొండ మెట్లు ఎక్కండి, నేను కింద కూర్చుంటాను అన్నాడు ఆ కుర్ర డాక్టరు, ఆమె మొహం వాడిపోవడం చూసి పాపం ఆయనే కంగారుపడ్డాడు, బయట స్కూటరు మీద లోకనాథన్, ఏమే, ఒక రోగమన్నా దొరికినాదా అని అడిగాడు, లేదంది, నీకు రోగం రావాలంటే ముందు దానికే జొరం పట్టుకుంటాది అని నవ్వి కిక్కు కొట్టాడు, మోటారు స్పేరుపార్టుల అంగడిని పోయిన ఏడు అన్న కొడుకు చేతిలో పెట్టేసి, మధ్యాహ్నం నిద్ర అనే వస్తువును కొత్తగా కనిపెట్టినవాడిలా బతుకుతున్నాడు ఆయన, నాలుగు రోడ్ల దగ్గర సిగ్నల్‌లో ఆగి, వెనక్కి తిరక్కుండానే, వద్దంటే వద్దని చెప్పేసి రా, దానికి డాక్టరెందుకు అన్నాడు, నాకు అలుపే లేదు గదయ్యా, ఏమని చెప్పేది అంది ఆమె, ఆకుపచ్చ లైటు పడింది, దారిలో ఆపి మామిడిపళ్ళు కొన్నారు, సెందూరాలు, ఈ ఏడు తొందరగా వచ్చాయి, తియ్యగా ఉన్నాయి.

జీవా రెండో పేరాలోకి వచ్చింది, ఇంగ్లీషు ల్యాబు, పాటల పోటీ, ఎవరో పిల్లవాడు కలెక్టరు ఆఫీసులో ఉద్యోగం సంపాదించిన కథ, మునియమ్మ తల ఊపుతోంది, శాలువా, మాల, తల ఊపడం, ఇంక ఒక సన్నాయి ఉంటే అచ్చం గంగిరెద్దే, ఆ ఆలోచనకు పెదవి వంకర పోయింది, ఎదుటి వరసలో ఒక పిల్ల అది చూసి తనూ నవ్వింది, దిగిపోయి ఏం చేస్తావు అని ఎవరైనా అడిగితే పెద్ద జాబితా ఏమీ లేదు, పొద్దున కాఫీ కూర్చుని తాగాలి, ఇన్నేళ్ళూ గ్లాసు ఒక చేత్తో, జడ ఒక చేత్తో, మన వీధిలో ఎండ ఏ గోడ మీద ముందు పడుతుందో చూడాలి, ఒక బుధవారం, సెలవు కాని ఒక మామూలు బుధవారం, హొగేనక్కల్ జలపాతానికి పోవాలి, గంటన్నర దారి, సెలవుల్లో పోతే తల వెనక తల, వారం మధ్యలో పోతే పరిసల్ నడిపేవాడు మనతో కబుర్లు చెప్తాడట, ఆ గుండ్రటి తెప్ప నీళ్ళలో తిరుగుతుంటే ఈయన ఎట్లా భయపడతాడో చూడాలి, ఒడ్డున వేడి వేడి చేపల వేపుడు తినాలి, ఇంకొకటి కూడా ఉంది, ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఉంటాయని తెలుసు గాని ఒక్కటీ చదవలేదు, అమ్మ పాటలన్నీ తమిళ అక్షరాల్లోనే రాసుకుంది, ఊరందరికీ ఏబీసీడీలు దిద్దించిన మనిషి తన మాటల ముఖం తాను చూసుకోలేదు, దిద్దుకోవాలి, మెల్లగా, ఎవరూ మార్కులు వెయ్యకుండా, ఇవన్నీ తలుచుకుంటే కడుపులో చల్లగా ఉంటుంది, ఇవన్నీ సదాశివం సారుతో చెప్పడానికి మాత్రం సిగ్గు, కాఫీ కూర్చుని తాగడానికి పదో తరగతిని వదిలేస్తారా టీచర్ అంటే ఏం చెప్పాలి, ఒంట్లో ఓపిక ఉన్న మనిషి పని మానుకుంటే లోకం దాన్ని బద్ధకమే అంటుంది, రెండేళ్ళే కదా, ఉండిపోదామా, ఉండిపోవడం తేలిక, మైకు తీసుకుని ఉంటాను అంటే చాలు, షెడ్డు మోగిపోతుంది.

వస్తోంది, జీవా కాగితం మీద వేలు పెట్టుకుంది, ఊపిరి తీసుకుంది, కళ్ళెత్తి ఒక్కసారి ఆమె వంక చూసింది, మునియమ్మ తనకు తెలియకుండానే చీర కుచ్చిళ్ళ కింద బొటనవేలు నేలకు ఆనించి సిద్ధంగా పెట్టుకుంది, అవర్ మునియమ్మ మిస్ ఈజ్ ఇన్, డి, అమ్మా తొందరపడకు, ఫ్యాట్, వేలు నేలను కొట్టింది, ఇగబుల్, జారిపోయింది, నున్నగా, ఎక్కడా తట్టుకోకుండా, ఓ అని అరిచారు పిల్లలు, అర్థమై కాదు, అంత పొడుగు మాటను ఒక్క గుక్కలో దాటినందుకు, జీవా మొహం వెలిగిపోయింది, మునియమ్మ గుండె నిండిపోయింది, బంగారుతల్లి, ఏం పలికావే, నా తరువాత ఈ పదో తరగతికి నువ్వు చాలు, ఆ ఆలోచన వచ్చినంత వేగంగా చప్పట్లు ఆగిపోయాయి, సదాశివం సారు లేచి మైకు అందుకున్నాడు, అలుపెరగని మనిషి అని విన్నారు కదా పిల్లలూ అని తమిళంలో అంటున్నాడు, అలసిపోయినవాళ్ళను ఇంటికి పంపిస్తాం, అలసిపోనివాళ్ళను ఎందుకు పంపించాలి, మీరే చెప్పండి, వద్దూ అని షెడ్డంతా అరిచింది, మరి మిస్ నోటనే విందాం అని మైకు ఆమె వైపు చాపాడు, ఆ పొగడ్త ఒప్పుకుంటే ఇక కాడి మెడ మీద పడినట్టే, అలసిపోనివాళ్ళను ఎందుకు పంపించాలి, ఎందుకు, ఎందుకు దించాలి, ఈ ప్రశ్న ఎక్కడో విన్నాను, ఎవరో అడిగారు, ఎవరో కాదు, నేనే, నేనే అడిగాను నాయినను.

చిన్నప్పుడు, పుట్టినూరు ఏరియూరు పక్కన మెట్టచేను, గట్టు మీద తను, పరికిణీ నిండా బురద, ఆదివారం రాత్రి పెద్ద వాన పడి తెల్లవారేసరికి నేల చక్కటి పదునుకు వచ్చింది, కాలు పెడితే అచ్చు పడుతుంది గాని అంటుకోదు, ఊరంతా నాగళ్ళు కట్టుకుని చేలల్లో దిగింది, పక్క చేను మాదేశన్ గట్టు మీంచి కేక వేశాడు, ఏం గోపాలప్పా, పదును పోతుంది, ఇంకా ఏం చూస్తున్నావు, నాయిన మాత్రం కొట్టం ముందు కూర్చుని తలగుడ్డ దులుపుకుంటున్నాడు, సోమవారం, ఆ వంశంలో సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, శివుడి వాహనానికి శివుడి రోజున పని చెప్పరు, తాత పెట్టలేదు, నాయిన పెట్టడు, అంతే, ఆమెకు ఉక్రోషం వచ్చింది, అందరి చేలూ దున్నేస్తున్నారు, మనది మాత్రం ఎండిపోవాలా, ఎద్దులు మైలోడూ కర్రోడూ రెండూ పుష్టిగా నిలబడి ఉన్నాయి, ముందు రోజు నేల పొడిగా ఉండి పనే లేదు వాటికి, బాగానే ఉండాయి గదా నాయినా, అలిసిపోలేదు గదా, ఈ పొద్దు కాడి ఎందుకు దించేది అని అడిగింది, కోపంగానే అడిగింది, నాయిన కోప్పడలేదు, బీడీ కూడా ముట్టించలేదు, పలుపులు విప్పుతూ ఎద్దులతో చెప్పినట్టు చెప్పాడు,

అలిసినాక దించితే అది సాయంత్రమమ్మా, అలవక ముందు దించితేనే సోమారం.

పలుపు జారగానే మైలోడు ముందు నమ్మలేదు, అక్కడే నిలబడింది, తరువాత తోక ఎత్తి ఒక్క దూకు దూకి బీడులోకి పరిగెత్తింది, అంత పెద్ద ఎద్దు, దూడలా, నాలుగు కాళ్ళూ గాల్లో, కర్రోడు దాని వెనకే, తడి నేల అదిరింది, ఆమె ఉక్రోషమంతా ఎగిరిపోయి గట్టు మీద పడీ పడీ నవ్వింది, మాదేశన్ కూడా నాగలి ఆపి చూశాడు, మర్నాటికి చేనులో పైతట్టు కొంత గట్టిపడింది, అక్కడ రాగి పైరు పలచగా మొలిచింది, పోయింది పోయిందే, నాయిన దాని గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు, పొద్దుగూకాక కాడి దించిన ఎద్దు ఎప్పుడూ అలా పరిగెత్తదు, చూసిందిగా వేలసార్లు, కొట్టంలోకి వచ్చి మోకాళ్ళ మీద కూలబడి కళ్ళు మూసుకుంటుంది, అంతే, దూకాలంటే ఒంట్లో కొంచెం మిగలాలి, అదే, ఇన్నాళ్ళూ అలుపు కోసం వెతికాను, డాక్టరు దగ్గర కూడా వెతికాను, అలుపు దొరికితే గాని దిగే హక్కు లేదనుకున్నాను, అలుపు దొరికేదాకా ఆగితే ఇంకేం మిగులుతుంది, పరిసల్ ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకుని ఎక్కించాలి, అక్షరం దిద్దడానికి కళ్ళుండవు, జీవా అన్నది నిజం, జీవా ఎంత బాగా అన్నది, నేను అలసిపోలేదు, ఇసుమంత కూడా అలసిపోలేదు, అందుకే.

మైకు చల్లగా ఉంది, సదాశివం సారు తల పంకించి తొందరపెడుతున్నాడు, ఎదుట అంత తెలుపూ ఊపిరి బిగపట్టింది, పైన తడబడే ఫ్యాను, పక్కన జీవా చేతిలో మడత పడుతున్న కాగితం, ఇన్నేళ్ళూ ఈ బడిలో ఇంగ్లీషు మాట్లాడింది, తమిళం మాట్లాడింది, ఇంటి మాట ఒక్కటీ గేటు దాటి లోపలికి రాలేదు, ఇవాళ అదే ముందు వచ్చింది, ఏ ముక్క మీదా బరువు లేకుండా, బంతిలో వడ్డించినట్టు అన్నిటికీ సమానంగా, ఈ పొద్దు సోమారం సార్ అంది, సారుకు అర్థం కాలేదు, పిల్లలకు అర్థం కాలేదు, జీవా నోరు తెరిచి చూస్తోంది, వాళ్ళకు తమిళంలో వివరంగా చెప్పాలి, చెప్తుంది, నాయిన మాట చెప్తుంది, మైలోడి పరుగు చెప్తుంది, వచ్చే ఏడు జీవా మిస్ ఉంటుందని, తను అప్పుడప్పుడు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానని చెప్తుంది, సారు నొచ్చుకుంటాడు, రెండు రోజులకు సర్దుకుంటాడు, ఆ తల్లిదండ్రులకు ఇచ్చిన మాట ఎలాగూ జీవా నిలబెడుతుంది, కాని అర్థమైనవాడు ఒకడు ఉన్నాడు, వెనక గోడ దగ్గర, ఆఖరి కుర్చీలో, వాళ్ళ ఇంట్లోనూ సోమవారం కాడి కట్టేవాళ్ళు కాదు, కేసరి అంటిన చేతిని లుంగీకి తుడుచుకుని లోకనాథన్ లేచి నిలబడ్డాడు, స్కూటరు తాళం గలగలలాడించాడు, ఆ శబ్దం ఇంతదూరం వినబడకపోయినా ఆమెకు వినబడింది, మునియమ్మ మాలా శాలువా తీసి కుర్చీ మీద వేసింది, మెడ ఎంత తేలిగ్గా ఉందో, మెట్ల దాకా నడిచిపోగలదు, పరిగెత్తమన్నా పరిగెత్తగలదు, దిగిపోవలసింది ఇప్పుడే, కాళ్ళలో ఇంత పరుగు మిగిలి ఉన్నప్పుడే.